మన్నించి నేర్పించగలరు

లగన్‌ఖేల్, పాటన్
అసార్ 9, ఆదివారం (మీ జూన్ 23)

మైచా లునిభా,

తెల్లవారకముందు నుంచి వాన. కొట్టు ముందు కాలువలో మట్టి పేరుకుంటే పారతో తీసి పోశాను. ఇవాళ బాగుచేతకు వచ్చినవి రెండు: కాభ్రే కొండల మీది ఆరోగ్య కేంద్రం నుంచి ఆక్సిజన్ మెషీన్, పంటి డాక్టరు దగ్గర నుంచి స్టెరిలైజర్. మొదటిది అయింది. రెండోదానికి మూత రబ్బరు కావాలి.

ఫోనులో నాకు మాటలు రావని నీకు తెలుసు. మీ అమ్మ ఫోను నా చెవికి ఆనించి, "నోరు తెరవరా, మేనకోడలు అవతల బిల్లు కడుతోంది" అంటుంది. 'తిన్నావా' అని అడిగాక ఇంకేమీ తోచదు. అందుకని కాగితం మీద రాసి, హరిబంధు స్టేషనరీ కొట్లో ఫోటో తీయించి పంపుతున్నాను.

నీ పట్టా ఫోటో చేరింది. మీ అత్తయ్య మల్జు అద్దం కట్టించి గోడకు పెట్టింది. మేకు నేను కొట్టాను. కొంచెం కుడికి ఒరిగితే మళ్లీ సరిచేశాను.

హరిబంధు అడిగాడు, "పట్టా వచ్చిందిగా పూర్ణదాయ్, ఉద్యోగం ఎప్పుడట?" అని. ఆసుపత్రి మెషీన్ల చదువు చదివింది, వాళ్లే పిలుస్తారన్నాను. ఎన్నాళ్లకు పిలుస్తారో రాయి, వాడికి చెప్పాలి.

నీ మేనమామ,
పూర్ణమాన్ శాక్య


మినియాపోలిస్
జూన్ 30

పాజూ, నమస్తే.

హరిబంధు దాయ్‌కి చెప్పండి, ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. మనమే తలుపులు తట్టుకుంటూ తిరగాలి. ఇప్పటికి అరవై ఒక్క తలుపులు తట్టాను.

ప్రతి దరఖాస్తులోనూ ఒక ప్రశ్న ఉంటుంది: మీరు ఈ దేశంలో పనిచేయడానికి ఇప్పుడు గానీ ముందు ముందు గానీ కంపెనీ మీ కోసం వీసా కాగితాలు పెట్టాలా? అవునని నిజం రాస్తాను. నిన్న ఒకచోట నొక్కిన నాలుగు నిమిషాలకే 'విచారిస్తున్నాం' అని జవాబొచ్చింది. నాతో గది పంచుకునే ఘనా అమ్మాయి అబెనా అంది: "నాలుగు నిమిషాలా? నీ ఇంటిపేరు పలకడానికే వాళ్లకి అంతకన్నా ఎక్కువ పడుతుందే!"

అసలు సంగతి చెప్పాలి. అమ్మకి చెప్పకండి, నిద్రపోదు. చదువైన విద్యార్థులకి ఏడాది పని చేసుకోవడానికి అనుమతి కార్డు ఇస్తారు. నాది జూన్ ఒకటిన మొదలైంది. ఆ ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులు మొత్తం తొంభై దాటకూడదు. సెలవులు, ఆదివారాలు అన్నీ లెక్కే. దాటితే కార్డు పోతుంది, సామాను సర్దుకోవాలి. జీతం లేకుండా చేసినా లెక్క ఆగుతుంది, కానీ మా ప్రొఫెసర్ ల్యాబ్‌లో ఈ వేసవికి చోటు లేదు. ఇవాళ ముప్పయ్యో రోజు.

మంచి మాట ఒకటి. పసిపిల్లల మానిటర్లు చేసే ఒక చిన్న కంపెనీ మూడుసార్లు మాట్లాడింది. ఇంటర్వ్యూ రోజు మంచి జరగాలని నా అంతట నేనే సగున్ తీసుకున్నాను, ఉడికించిన గుడ్డూ, ఎండు చేపా. అబెనా ముక్కు మూసుకుని, "ఆ వాసనకి పెద్దమనిషి తెర అవతల నుంచే పారిపోతాడు" అంది. పారిపోలేదు. నేను ఎవరి దగ్గర పనిచేశానో వాళ్లని అడుగుతారట. ప్రొఫెసర్ పేరూ, మీ పేరూ ఇచ్చాను. మీరు నా పాజు, అంటే మేనమామ అని కూడా రాశాను, దాచలేదు. మీ దగ్గర చేసిన నాలుగేళ్లే వాళ్లకి నచ్చాయి. ఉత్తరం వస్తే జవాబివ్వండి పాజూ.

మీ లునిభా


లగన్‌ఖేల్
అసార్ 25, మంగళవారం (జూలై 9)

మైచా,

మబ్బు, వాన లేదు. మేడ మీద ఆరేసిన వడ్లు తిరగేశాను. వచ్చినవి: బీపీ మెషీన్లు మూడు. మూడూ అయ్యాయి.

నీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. హరిబంధు చదివి చెప్పాడు. ఈ అమ్మాయి మీ దగ్గర ఏం చేసేది, పని ఎలా ఉండేది, ఆమెను తీసుకోమని మీరు చెబుతారా అని మూడు ప్రశ్నలు. ఇద్దరం కూర్చుని రెండు గంటలు ఆలోచించి జవాబు రాశాం. ఇంగ్లీషు వాడిది, మాట నాది. ఎక్కడా మర్యాద తప్పలేదు. వాడు చివర మళ్లీ చదివి, "దీన్ని చూశాక అమ్మాయిని పెంచినవాళ్లు ఎలాంటివాళ్లో కూడా తెలుస్తుంది వాళ్లకి" అన్నాడు.

నా పేరు ఒక కంపెనీ కాగితంలో పడటం ఇదే మొదటిసారి. ఆ ఉత్తరం అచ్చు తీయించి రోజుపుస్తకంలో పెట్టుకున్నాను.

మీ అమ్మకు చెప్పలేదు.

పూర్ణమాన్


మినియాపోలిస్
జూలై 26

పాజూ,

ఆ ఉద్యోగం రాలేదు.

కారణం చెప్పరు మామూలుగా. కానీ అక్కడి ఆవిడ మంచిది, ఫోన్ చేసింది. "మాకు నువ్వు నచ్చావు. కానీ నీ పాత యజమానికే నీ మీద నమ్మకం ఉన్నట్టు లేదు" అంది. మీరు పంపింది చదివి వినిపించింది. ఒక్క మాట మర్చిపోలేదు నేను:

'లునిభా నాకు కొద్దిగా సాయం చేసేది. ఆమెకు పెద్దగా ఏమీ రాదు. నేర్చుకోవలసింది చాలా ఉంది. పొరపాట్లు చేస్తుంది. మీ పిల్లగా భావించి మన్నించి నేర్పించగలరు.'

నేను నవ్వాను పాజూ, ఫోనులోనే. ఏం చేయాలో తెలీక. మీరు ఎందుకలా రాశారో నాకు తెలుసు. పెళ్లి మాటలప్పుడు మన పెద్దవాళ్లు 'మా పిల్లకి అన్నం వండటం కూడా రాదు, మీరే నేర్పుకోవాలి' అంటారు, అవతలివాళ్లు ఎంత పనిమంతురాలో అనుకుంటారు. ఇది పెళ్లివారికి రాసిన ఉత్తరం. వీళ్లు పెళ్లివారు కాదు. రాసింది రాసినట్టే చదువుతారు.

పొరపాట్లు చేస్తుందని రాయకుండా ఉండాల్సింది.

ఇవాళ యాభై ఆరో రోజు. ఇంకా రాయాలని ఉంది కానీ రాస్తే తప్పుగా మాట్లాడతాను.

లునిభా


లగన్‌ఖేల్
సావున్ 17, గురువారం (ఆగస్టు 1)

మైచా,

వాన. వెనక గోడ చెమ్మ తీసుకుంది. కింది అరలో ఉన్న మోటార్లు పైకి సర్దాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మన పిల్ల గురించి మనమే గొప్పలు చెప్పుకుంటే వినేవాళ్లు నవ్వుతారని నాకు నేర్పారు. మా నాన్న చేసిన విగ్రహాలు ఎన్ని గుళ్లలో ఉన్నాయో, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఎవరైనా బాగుందంటే, 'ముక్కు కాస్త పక్కకు పోయింది' అనేవాడు. ముక్కు ఎక్కడా పక్కకు పోలేదు. వినేవాళ్లకు అది తెలుసు. అలా వినడం తెలియనివాళ్లు కూడా ఉంటారని ఈ వయసులో తెలిసింది.

మల్జుకు సంగతి చెప్పాల్సి వచ్చింది. "నలభై ఏళ్లలో నా వంట గురించి 'ఫరవాలేదు' కన్నా పెద్ద మాట నీ నోట రాలేదు. అలాంటి నిన్ను సిఫారసు అడిగారా? ఆ కంపెనీవాళ్లనే అనాలి!" అంది. నాకు నవ్వు రాలేదు.

ఇకనుంచి నా పేరు ఎక్కడా ఇవ్వకు. ఎనిమిదో తరగతి మానేసి, విరిగిన మెషీన్లు విప్పి చూసుకుంటూ నేర్చుకున్నవాడిని. అంత చదువుకున్నదానివి, నా పేరు చెప్పుకోవడం నీకు చిన్నతనం. అది ముందే నాకు తోచాల్సింది.

నీకు మూడు నెలలు ఉన్నాయి కదా. లెక్క చూశాను, జేఠ్ 19 నుంచి భాదౌ 19 దాకా. ఇంకా నెల పైనే ఉంది. దిగులు పడకు.

పూర్ణమాన్


మినియాపోలిస్
ఆగస్టు 8

పాజూ,

మొదట లెక్క. మూడు నెలలు కాదు, తొంభై రోజులు. మన జేఠ్ ముప్పయి రెండు రోజులు, సావున్ ముప్పయి రెండు. మీరు నాకు ఆరు రోజులు ఉత్తినే ఇచ్చేశారు. ఈ దేశం ఇవ్వదు. ఆగస్టు ఇరవై తొమ్మిది ఆఖరు. ఇంకా ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి.

రెండోది. మీ పేరు తీసేయమన్నారు. తీయలేదు. చిన్నతనమా? నాతో చదివినవాళ్లు నాలుగేళ్లలో ఒక్క మెషీన్ మూత విప్పలేదు. పదో తరగతిలో ఉండగానే నేను మీ పక్కన సక్షన్ మెషీన్ గాస్కెట్ రబ్బరుని మోటార్‌సైకిల్ ట్యూబు నుంచి కోశాను. అది ఇంటర్వ్యూలో చెబితే అందరూ కుర్చీ ముందుకి జరుపుకుంటారు. నాకు కోపం వచ్చింది నిజం. కానీ మీ పేరు చెప్పుకోవడం వల్ల కాదు. మీరు నా గురించి నిజంగానే అలా అనుకుంటున్నారేమో అని ఒక్క రాత్రి అనుమానం వచ్చింది, అందుకు.

మూడోది. ఆసుపత్రుల నుంచి పాత వెంటిలేటర్లూ, పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లూ తెచ్చి బాగుచేసి మళ్లీ ఇచ్చే వర్క్‌షాప్ ఒకటి ఉంది. డోరీన్ హాల్వర్సన్ అనే ఆవిడ నడుపుతుంది. అరవై ఏళ్లు ఉంటాయి, చేతులకి గ్రీజు. నా చేతికి ఒక పంపు ఇచ్చి విప్పమంది. విప్పాను. మళ్లీ బిగించమంది. బిగించాను. "నేర్పినవాడు ఎవరు?" అంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే పాజూ. వీసా ప్రశ్న రెండోది.

ఆవిడ మీకు రాస్తుంది. నన్ను పొగడమని అడగను. మీ వల్ల కాదు. మీ రోజుపుస్తకంలో ఉన్నది రాయండి చాలు. నేనేం చేశానో, అది పనిచేసిందో లేదో.

దాని తర్వాత నాకు వేరే ఇంటర్వ్యూ ఏదీ లేదు.

మీ లునిభా


లగన్‌ఖేల్
సావున్ 29, మంగళవారం (ఆగస్టు 13)

మైచా,

గుంలా, పూజల నెల. వేకువనే అందరితో కలిసి బహా విహారాలు, చైత్యాలు చుట్టి వచ్చాను. దారంతా బురద. చెప్పులు కడిగి మెట్టు మీద ఆరబెట్టాను.

డోరీన్ గారి ఉత్తరం శనివారం వచ్చింది. ఇవాళ జవాబు పంపాం. మూడు రోజులు కొట్టు సగమే తెరిచాను. నువ్వున్న నాలుగేళ్ల పుస్తకాలు ఏడు ఉన్నాయి. నువ్వు చేసిన పని పక్కన 'లు' అని ఉంది. ఎందుకు పెట్టానో గుర్తులేదు. తప్పు ఎవరిదో తెలియాలని కాబోలు. అలాంటివి నలభై మూడు దొరికాయి. వరసగా రాశాను. ఒకటి రెండు నీకూ రాస్తున్నాను:

'ఆక్సిజన్ మెషీన్, సింధుపాల్చోక్. లోపం: శబ్దం ఉంది, గాలి లేదు. నేను కంప్రెసర్ అన్నాను. లు. వాల్వు అంది. వాల్వే. తిరిగి రాలేదు.'

'సక్షన్ మెషీన్. గాస్కెట్ ట్యూబు నుంచి కోసింది. పదకొండు నెలలు నడిచింది.'

'సిరంజి పంపు. లోపల ఒక స్క్రూ మర్చిపోయింది. మూడో రోజున తిరిగి వచ్చింది. లు. తానే వెళ్లి నర్సుకు క్షమాపణ చెప్పి తెచ్చింది.'

ఆ మూడోదాని దగ్గర హరిబంధుకూ నాకూ మాట మాట పెరిగింది. వాడు టైపు చేయడం ఆపేశాడు.

"పూర్ణదాయ్, మళ్లీ ముంచుతావా పిల్లని? తిరిగొచ్చినవి ఎందుకు?"

"నాలుగు తిరిగొచ్చాయి. నాలుగూ రాయి."

"ముప్పై తొమ్మిది రాస్తే చాలదా?"

"ముప్పై తొమ్మిదే రాస్తే నమ్మడానికి ఆవిడ మెషీన్లు చూడనిదా? ఏ కొట్లోనైనా తిరిగొస్తాయి. రావనేవాడు అబద్ధం చెబుతున్నాడని నాకే తెలుస్తుంది, ఆవిడకు తెలియదా?"

వాడు "సరే, నీ మేనకోడలు, నీ కర్మ" అని టైపు చేశాడు. చివర 'మన్నించి నేర్పించగలరు' అని పెట్టబోయాడు. ఈసారి నేను ఆపాను.

ఆవిడ ఫోను కూడా చేస్తుందట. ఫోను వద్దని రాయమన్నాను. వాడు రాయలేదు.

నేను ఒక్క రోజు కూడా అలా అనుకోలేదు. నీ ఉత్తరంలో ఆ అనుమానం చదివాకే పాత పుస్తకాలు దించాను.

పూర్ణమాన్


మినియాపోలిస్
ఆగస్టు 23

పాజూ!

వచ్చింది. ఎనభై నాలుగో రోజున. సోమవారం నుంచి పని. ఉద్యోగపు ఉత్తరం నా ముందే ఉంది, మా యూనివర్సిటీ ఆఫీసులో పేరు నమోదైంది, సోమవారంతో లెక్క ఆగిపోతుంది. అబెనా వంటింట్లో గరిటెతో గిన్నె కొడుతూ తిరుగుతోంది. "ఇప్పుడు వండవే నీ చేప! ఇల్లంతా కంపు కొట్టినా ఇవాళ ఏమీ అనను!" అంటోంది.

డోరీన్ మీతో మాట్లాడిందని నాకు ఇవాళ దాకా తెలీదు. మీరూ చెప్పలేదు. ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"నలభై మూడు పనులు చదివాను" అంది. "నాలుగు తిరిగొచ్చినవి చదివాక మిగతావన్నీ నమ్మాను. ఇన్నేళ్లలో తప్పులు రాసి పంపిన సిఫారసు ఇదొక్కటే. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది, అందుకే ఫోన్ చేశాను. మీ మామయ్య స్నేహితుడు అనువదించాడు. 'పసిబిడ్డను పడుకోబెట్టే మెషీన్‌ని ఈ అమ్మాయికి ఒంటరిగా అప్పగిస్తారా?' అని అడిగాను. లైను పోయిందేమో అనుకుని 'హలో, హలో' అంటున్నాను. అప్పుడు మీ మామయ్య చెప్పాడు."

నేను ఏం చెప్పారని అడిగాను.

"'నా మనవరాలు నెలలు నిండక, నెల ముందే పుట్టింది. నాలుగు రోజులు వార్మర్ కింద ఉంది. ఆ వార్మర్ బాగుచేసింది లునిభాయే. నేను మళ్లీ సరిచూడలేదు.' అంతే. ఫోన్ స్నేహితుడి చేతికిచ్చేసి వెళ్లిపోయాడట. కాగితాల పని చూడమని మా ఆఫీసులో చెప్పాను, వీసా సంగతి కూడా ఏడాది తర్వాత మేమే చూసుకుంటాం అన్నాను."

పాజూ, నాకు ఆ వార్మర్ గుర్తుంది. పాప ఒంటికి అంటించే సెన్సార్ రెండు డిగ్రీలు ఎక్కువ చూపించేది. మార్చాను. గోరువెచ్చని నీళ్లలో థర్మామీటర్ పక్కన పెట్టి సరిచూశాను. అది తిరిగి వెళ్లిపోయింది. దాని కింద ఎవరు పడుకున్నారో నాకు ఎవరూ చెప్పలేదు.

నిజమేనా? నిజమైతే ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?

మీ లునిభా


లగన్‌ఖేల్
భాదౌ 11, మంగళవారం (ఆగస్టు 27)

మైచా,

వాన తెరిపి ఇచ్చింది. మేడ మీద రేకు జారితే మేకు కొట్టాను.

నిజం. అది నువ్వు బాగుచేసి పంపిన అయిదో రోజు. మా అమ్మాయి రత్నాకు నెల ముందే నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి వెళ్లేసరికి పాపను అద్దాల గదిలో పెట్టారు. వార్మర్ పక్కన రేకు సొట్ట చూసి గుర్తుపట్టాను, మన కొట్టు గుమ్మానికి తగిలిన సొట్ట. నా చొక్కా జేబులో థర్మామీటర్ ఉంది. ఎప్పుడూ ఉంటుంది. నర్సు నన్ను ఎరుగును, "చూసుకుంటావా దాయ్?" అంది. అవసరం లేదన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. నా చేత్తో చేసిన మెషీన్ అయితే రెండుసార్లు చూసేవాడిని.

చెబితే మర్నాటి నుంచి నువ్వు సరిచూడటం మానేస్తావేమో అనుకున్నాను. అలా రోజులు పోయాయి. తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు. సందర్భం తెచ్చుకోవడం నాకు తెలియదు.

ఇప్పుడు చెబుతున్నాను. నీకు పని బాగా వచ్చు. నాకన్నా బాగా వచ్చు. ఇది వాళ్లకు కాదు, నీకు రాస్తున్నాను. రాసింది రాసినట్టే చదువుకో.

ఇక్కడ సంగతి ఏం చెప్పను. శనివారం గుంలా బాజా వాళ్లతో నడుస్తుంటే ఢోలు పక్కన ఉన్నతను ఏదో అడిగాడు. మామూలుగా తల ఊపేవాడిని. నీ సంగతి మొదలుపెట్టి మూడు బహాలు దాటేవరకు చెప్పాను. మల్జు ఇంటికొచ్చాక, "ఈయనకు ఒంట్లో బాగుందా? వీధిలో మాట్లాడుతున్నాడు!" అని రత్నాకు ఫోన్ చేసింది. మీ అమ్మకు తొంభై రోజుల సంగతి నేనే చెప్పాను. మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత నువ్వు ఏ మెషీన్లు చేస్తావో పేర్లు రాసి ఇమ్మంది. గుళ్లో అందరికీ తప్పు లేకుండా చెప్పాలట. వెంటిలేటర్ అనే మాట మూడుసార్లు పలికించాను.

హరిబంధు మాత్రం ఉద్యోగం వాడి ఇంగ్లీషు వల్ల వచ్చిందని అందరికీ చెబుతున్నాడు. చెప్పుకోనీ.

నిన్న నీ మొదటి రోజు ఎలా గడిచిందో రాయి. మొదట ఏది విప్పావో రాయి.

ఇవాళ వచ్చినవి: సక్షన్ మెషీన్ ఒకటి, ధాదింగ్ నుంచి. లోపం: పీల్చడం లేదు, మోటారు వేడెక్కుతోంది. విప్పి చూస్తే గొట్టం లోపల ఎప్పటిదో దూది ఇరుక్కుంది. అది తీశాక కూడా...

మెట్ల కింద నుంచి ఎవరో పిలుస్తున్నారు. పై వీధి బజ్రాచార్య గురువుగారు. "పూర్ణమాన్, అమ్మాయికి ఏదో పెద్ద పని దొరికిందట కదా?" అని అక్కడి నుంచే అరుస్తున్నారు. ఆయనకు కాస్త చెవుడు. దిగి వెళ్లి దగ్గరగా చెప్పి వస్తాను, మొదటి నుంచి చెప్పాలి. మెషీన్ సంగతి వచ్చాక పూర్తిచేస్తాను.

చేసినది: